ఖర్చు ఎంతైనా.. లెక్క చెప్పాల్సిందే!

మా ఊళ్లో ఒక సారు ఉన్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఆయన దగ్గర చెవి మెలేయించుకోని మగపిల్లాడు అరుదు. ఊరి చెరువు శిఖం భూమి కొంచెం కొంచెంగా ప్లాట్లయిపోతోందని ఆఫీసుల చుట్టూ తిరిగారు. అర్జీలు పెట్టారు. చెప్పులరిగాయే కానీ పని కాలేదు. చివరికి 2023 నవంబరులో తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు రాగానే స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేసేశారు.

గెలుస్తాననే ఆశ ఆయనకేం లేదు. ''నామినేషనేస్తే మైకు పట్టుకునే హక్కొస్తది గద బిడ్డా. చెరువు సంగతి పది ఊర్లకు చెప్పొస్త'' అన్నారు నాతో. ఒక ఆటో, ఒక మైకు, ఐదు వేల కరపత్రాలు, వెంట పదిమంది పాత శిష్యులు. అదే సైన్యం. వచ్చిన ఓట్లు వెయ్యి లోపే. డిపాజిట్ పది వేలూ పోయాయి. సారు మాత్రం తృప్తిగానే ఉన్నారు.

రెండేళ్లు గడిచాయి. 2025 డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలు. మా ఊరు జనరల్‌కి వచ్చింది. ఈసారి సారే అని రచ్చబండ దగ్గర అందరూ ఖాయం చేసుకున్నారు. కానీ సారు నిలబడలేకపోయారు. అప్పటికే ఎన్నికల సంఘం ఆయన్ని మూడేళ్లపాటు అనర్హుడిగా ప్రకటించింది. డబ్బు పంచినందుకు కాదు. పరిమితి దాటి ఖర్చు పెట్టినందుకూ కాదు. పెట్టిన ఖర్చుకు లెక్క ఇవ్వనందుకు!

అవును. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి, లెక్క ఇవ్వలేదు.

ఆ దసరాకు ఊరెళ్లినప్పుడు ఆయన ఆ ఉత్తర్వు కాగితం నా చేతిలో పెట్టారు. ''పేపర్ల పనిచేస్తవు కద, ఇదేందో సూడు'' అన్నారు. చూశాను. దాని వెంట పడి చట్టమూ చదివాను. చదివేకొద్దీ ఆశ్చర్యమే.

చట్టం ఏమంటోంది?

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో వచ్చింది. అందులో 77వ సెక్షన్ చెప్పేది ఇదీ. అభ్యర్థి నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించే రోజు వరకు, ఆ రెండు రోజులనూ కలుపుకొని, తాను గానీ తన ఎన్నికల ఏజెంటు గానీ పెట్టిన, పెట్టమని చెప్పిన ప్రతి ఖర్చుకూ లెక్క రాయాలి. నామినేషన్‌కు ముందు అచ్చేయించిన వాల్‌పోస్టరైనా సరే, దాన్ని ఆ తర్వాత అంటిస్తే లెక్కలోకి వస్తుంది. మొత్తం ఖర్చు ప్రభుత్వం నిర్ణయించిన పరిమితి దాటకూడదు. 78వ సెక్షన్ ప్రకారం ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఆ లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి, అంటే మనకు తెలిసిన మాటలో కలెక్టరుకు, అప్పగించాలి.

గెలిచినవాళ్లే కాదు, ఓడినవాళ్లూ ఇవ్వాలి. డిపాజిట్ పోయినవాళ్లూ ఇవ్వాలి. పైసా ఖర్చు పెట్టలేదంటారా? ఆ మాటే రాసివ్వాలి. తెలంగాణలో 2023 ఎన్నికల ఫలితాలు డిసెంబరు 3న వచ్చాయి కాబట్టి గడువు 2024 జనవరి 2. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్ 4న ఫలితాలొచ్చాయి కాబట్టి జులై 4. ఇవ్వకపోతే, ఇవ్వకపోవడానికి సరైన కారణం చూపకపోతే, అదే చట్టంలోని 10ఎ సెక్షన్ కింద ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హత వేటు వేయొచ్చు. ఉత్తర్వు ఇచ్చిన రోజు నుంచి ఆ మూడేళ్లూ మొదలవుతాయి.

అది ఎమ్మెల్యే, ఎంపీ పదవులకు కదా, సర్పంచ్‌కి ఎందుకు అడ్డొచ్చింది? సారు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. జవాబు రాజ్యాంగంలోనే ఉంది. అసెంబ్లీకి పోటీ చేయడానికి ఏదైనా చట్టం కింద అనర్హుడైనవాడు పంచాయతీకీ అనర్హుడేనని 243ఎఫ్ అధికరణం అంటోంది. వయసు విషయంలో తప్ప మినహాయింపు లేదు. అసెంబ్లీకి 25 ఏళ్లు నిండాలి, పంచాయతీకి 21 చాలు.

గులాబీ కాగితాలు ఖాళీ

సారు ఇంట్లో అటక మీద నుంచి ఓ రిజిస్టరు దించారు. నామినేషన్ రోజు రిటర్నింగ్ అధికారి ఆఫీసులో ఇచ్చిందట. పోటీ చేసేవాళ్లందరికీ ఇస్తారు. అందులో మూడు రంగుల కాగితాలుంటాయి. తెల్లవి రోజువారీ ఖర్చుకు. గులాబీవి చేతి నగదుకు. పసుపువి బ్యాంకు ఖాతాకు. సారు తెల్ల కాగితాల మీద మొదటి నాలుగు రోజులు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. ఐదో రోజు నుంచి ఏమీ లేదు. గులాబీ, పసుపు కాగితాలు కొత్తగా నవనవలాడుతున్నాయి.

''ప్రచారంల తిరుగుడే సరిపోయె. రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి ఇది రాసుడెక్కడిది?'' అన్నారు.

నిజానికి ఈ రాత పని చిన్నదేం కాదు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందే ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. సొంత డబ్బయినా, పార్టీ ఇచ్చిందైనా, బావమరిది సర్దిందైనా అందులో పడాలి, అందులోంచే బయటికి రావాలి. ప్రచార కాలం మొత్తంలో ఒకే మనిషికి పది వేలకు మించి నగదు ఇవ్వకూడదు. దాటితే చెక్కో, డ్రాఫ్టో, ఆన్‌లైనో. 2018 దాకా ఇది ఇరవై వేలుండేది. ఇక ప్రతి ఖర్చు పక్కనా తేదీ, దేనికి, ఎంత ఇచ్చాం, ఎంత బాకీ, ఎవరికి, ఆయన చిరునామా ఏమిటి, వోచరు నంబరెంత.. ఇవన్నీ రాయాలి. తపాలా బిళ్లలు, రైలు టికెట్ల లాంటి వాటికి తప్ప అన్నింటికీ వోచరు కావాల్సిందే. టీకొట్టాయన ఎక్కడైనా వోచరిస్తాడా? ఇవ్వడు. అభ్యర్థే కాగితం రాసి సంతకం పెట్టించుకోవాలి.

శిష్యుడు ఆటో ఉచితంగా ఇచ్చాడండీ అంటే కుదరదు. దానికీ అద్దె కట్టి రాయాలి. ఎంతని? జిల్లాలో ధరల పట్టిక ముందే ప్రకటిస్తారు. టీ, టిఫిను, బిర్యానీ, కుర్చీ, షామియానా, కండువా, డప్పు బృందం, డ్రోను.. అన్నింటికీ రేటుంటుంది. మీరు బేరమాడి తక్కువకు తెచ్చామన్నా అధికారులు ఆ పట్టికనే ముందు పెట్టుకుంటారు.

ప్రచారం నడుస్తుండగానే కనీసం మూడుసార్లు ఈ రిజిస్టరును తనిఖీకి పట్టుకెళ్లాలి. ఢిల్లీ నుంచి వచ్చిన వ్యయ పరిశీలకులుంటారు. ఎక్కువగా ఆదాయపన్ను, కస్టమ్స్ లాంటి శాఖల అధికారులు. వాళ్ల దగ్గర ఇంకో రిజిస్టరుంటుంది. దాన్ని షాడో రిజిస్టరు అంటారు. వీడియో బృందాలు మీ సభలో కుర్చీలు, బ్యానర్లు, కార్లు లెక్కపెట్టి అందులో రాసుకుంటాయి. ఈ రెండు రిజిస్టర్లకూ తేడా వస్తే నోటీసు. బిహార్‌లో 2010 ఎన్నికలతో మొదలైన పద్ధతి ఇది. చాలా పకడ్బందీగా ఉంది. చదువుతుంటే ఇంత కట్టుదిట్టంగా ఉంటే ఇక డబ్బున్నవాడు చేసేదేముంది అనిపిస్తుంది.

అక్కడే ఉంది అసలు సంగతి.

గడి లేని ఖర్చు

పరిమితి ఎంతో చూద్దాం. తొలి సార్వత్రిక ఎన్నికల్లో లోక్‌సభ అభ్యర్థికి 25 వేల రూపాయలు. 1971లో 35 వేలు. 2004 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకు 25 లక్షలు, అసెంబ్లీకి 10 లక్షలు. 2014లో 70 లక్షలు, 28 లక్షలయ్యాయి. 2022 జనవరి నుంచి తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ లోక్‌సభకు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు.

రెండు లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో 40 లక్షలంటే తలకు ఇరవై రూపాయలు. ఓ ప్లేటు ఇడ్లీ కూడా రాదు. మన దగ్గర ఎన్నికలెలా జరుగుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పోలింగ్ ముందు రాత్రి ఏ వీధిలో ఎంత రేటు పలికిందో పొద్దున్నే పాలవాడు చెప్పేస్తాడు. మరి ఆ డబ్బు రిజిస్టరులో ఏ రంగు కాగితం మీద రాస్తారు?

ఏ కాగితం మీదా రాయరు. ఎందుకంటే చట్టం దృష్టిలో అది ఎన్నికల ఖర్చే కాదు, లంచం. ఎన్నికల సంఘం ఖర్చును రెండుగా విడదీస్తుంది. సభలు, పోస్టర్లు, వాహనాలు.. ఇవి చట్టబద్ధమైనవి, పరిమితికి లోబడి పెట్టుకోవచ్చు. నోట్లు, మందు, చీరలు చట్టవిరుద్ధమైనవి. వాటికి పరిమితి లేదు, నిషేధమే. సూత్రం సరైనదే. కానీ దాని ఫలితం చూడండి. అన్నింటికన్నా పెద్ద ఖర్చుకు రిజిస్టరులో గడే లేదు. పంచుతూ పట్టుబడితే కేసవుతుంది. పట్టుబడకపోతే లెక్కల పుస్తకం మల్లెపూవులా ఉంటుంది. పుస్తకం రాసేది అనుభవమున్న ఆడిటరైతే ఇక చెప్పేదేముంది!

ఇక రెండో కంత. అభ్యర్థి ఖర్చుకే పరిమితి, పార్టీ ఖర్చుకు లేదు. ఇది ఊరికే జరిగిందనుకోకండి. దీనికో చరిత్ర ఉంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఢిల్లీ సదర్ నుంచి అమర్‌నాథ్ చావ్లా గెలిచారు. ఓడిన కన్వర్‌లాల్ గుప్తా కోర్టుకెళ్లారు. చావ్లా కోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా ఆయన ఖాతాలోనే కలపాలని వాదించారు. 1974 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ వాదనతో ఏకీభవించింది. అభ్యర్థికి తెలిసి, ఆయన కాదనకుండా ఊరుకుంటే పార్టీ పెట్టిన డబ్బు కూడా ఆయన పెట్టినట్టేనంది. పరిమితికి మించిందని ఎన్నికను కొట్టేసింది.

మరి ఢిల్లీ ఊరుకుంటుందా? ఆ నెల గడవకముందే ఆర్డినెన్స్ వచ్చింది. ఆ ఏడాదే చట్టమైంది. పార్టీగానీ, మిత్రులుగానీ పెట్టిన ఖర్చు అభ్యర్థి ఖాతాలోకి రాదని 77వ సెక్షన్‌కు వివరణ తగిలించారు. పాత ఎన్నికలకూ వర్తించేలా మరీ! అప్పటికి అలహాబాద్ హైకోర్టులో ఇందిరాగాంధీ ఎన్నికపై విచారణ నడుస్తోంది. ఆ కేసులోనూ ఖర్చు ఒక ఆరోపణే. 1975 జూన్ 12 నాటి తీర్పులో ఆవిడ ఎన్నిక రద్దయింది కానీ, ఖర్చు ఆరోపణ మాత్రం నిలబడలేదు.

దాదాపు మూడు దశాబ్దాలు ఆ తలుపు బార్లా తెరిచే ఉంది. 2003లో సవరణ చేసి సగం మూశారు. ఇప్పుడు మినహాయింపు పార్టీ పెద్ద ప్రచారకర్తల ప్రయాణ ఖర్చులకే. మనం స్టార్ క్యాంపెయినర్లంటామే, వాళ్లు. గుర్తింపు పొందిన పార్టీకి నలభై మంది, రిజిస్టరై గుర్తింపు లేని పార్టీకి ఇరవై మంది. ఆ హెలికాప్టర్ ఖర్చు అభ్యర్థికి అంటదు. కానీ స్టార్ పక్కన వేదికెక్కినా, ఆ సభలో తన ఫొటో కట్టినా సభ ఖర్చులో వాటా పడుతుంది. హెలికాప్టర్లో తానూ ఎక్కితే ప్రయాణంలో సగం పడుతుంది. అందుకే కొన్ని సభల్లో అభ్యర్థి వేదిక కింద నిలబడి చప్పట్లు కొడుతుంటారు. మనమేమో ఎంత వినయమో అనుకుంటాం!

పార్టీలు తమ మొత్తం ఖర్చు లెక్కను అసెంబ్లీ ఎన్నికలైతే 75 రోజుల్లో, లోక్‌సభవైతే 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి ఇస్తాయి. ఇవ్వాలన్నదే నిబంధన. ఇంతకు మించకూడదన్నది మాత్రం లేదు.

చట్టంలో మరీ నవ్వొచ్చే సంగతి ఒకటుంది. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం వేరేవాళ్లు ఖర్చు పెట్టడం నేరం. పాత ఐపీసీలో దానికి జరిమానా 500 రూపాయల దాకా. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పది వేల దాకా పెంచారు. అయితే చిన్న ఖర్చయితే పది రోజుల్లో అభ్యర్థి దగ్గర అనుమతి కాగితం తీసుకుంటే సరిపోతుంది. చిన్న ఖర్చంటే ఎంత? పది రూపాయలు! పాత చట్టంలోని ఆ పదిని కొత్త చట్టంలోనూ అలాగే ఉంచేశారు. అంటే అభిమాని ఇద్దరు కార్యకర్తలకు టీ పోయిస్తే పరిమితి దాటినట్టే.

పట్టుబడేది ఎవరు?

2013 జూన్‌లో ముంబయిలో ఓ సభలో గోపీనాథ్ ముండే నోరు జారారు. 2009 లోక్‌సభ ఎన్నికల్లో తనకు 8 కోట్ల రూపాయలు ఖర్చయ్యాయని అందరి ముందూ అనేశారు. అప్పటి పరిమితి 25 లక్షలు. ఎన్నికల సంఘం నోటీసిచ్చింది. ఆయన సంజాయిషీ ఇచ్చుకున్నారు. అనర్హత వేటేమీ పడలేదు. 2014లో మళ్లీ గెలిచి కేంద్ర మంత్రీ అయ్యారు.

గెలిచినవాళ్ల మీద వేటు పడనే పడదని కాదు. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను 2011 అక్టోబరులో ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హురాలిని చేసింది. 2007 ఎన్నికల్లో డబ్బిచ్చి వార్తల ముసుగులో వేయించుకున్న ప్రచారాన్ని లెక్కలో చూపలేదన్నది కారణం. మా వృత్తికి అదేం గొప్ప చెప్పుకొనే సంగతి కాదనుకోండి. లెక్క ఇస్తే చాలదు, అది నిజమైన లెక్కై ఉండాలి, దాని నిజానిజాలను కూడా ఎన్నికల సంఘం విచారించవచ్చు అని సుప్రీంకోర్టు 2014లో అశోక్ చవాన్ కేసులో మళ్లీ స్పష్టం చేసింది. అధికారం ఉంది. కానీ పరిమితి దాటారని రుజువు చేయాలంటే హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి, అదీ 45 రోజుల్లో. సాక్ష్యం క్రిమినల్ కేసు స్థాయిలో ఉండాలి. ఓడిపోయి అప్పుల్లో ఉన్న మనిషి ఎంతమంది ఆ పని చేస్తారు? పైగా తన లెక్కా అలాంటిదే అయినప్పుడు!

లెక్కే ఇవ్వనివాణ్ని పట్టుకోవడం మాత్రం తేలిక. సాక్షులక్కర్లేదు. గడువు తేదీ నాడు ఫైల్లో కాగితం ఉందా లేదా, అంతే. అందుకే అనర్హుల జాబితాలు తిరగేస్తే స్వతంత్రులు, చిన్నాచితకా పార్టీలవాళ్లే వరసగా కనిపిస్తారు. జాబితాలో ఒక పేరు దగ్గర నా వేలు ఆగింది. ఇంటిపేరుతో సహా మా సారుది.

అలాగని ఆయన తప్పు లేదనను. ఫలితం వచ్చిన 26వ రోజున కలెక్టరేట్‌లో అభ్యర్థులందరినీ పిలిచి లెక్కలు సరిచూసే సమావేశం పెడతారు. కబురొచ్చింది, వెళ్లలేదు. ఆ తర్వాత ఎన్నికల సంఘం షోకాజ్ నోటీసు. జవాబుకు 20 రోజుల గడువు. ఆ జవాబుతోపాటు ఖర్చు లెక్క కూడా పెట్టి ఉంటే, ఆలస్యానికి నమ్మదగిన కారణం చెప్పి ఉంటే బహుశా బయటపడేవారు. సారు జవాబైతే రాశారు. ఒకటే పేజీ. 'నా ఖర్చు 86 వేలు మాత్రమే. పరిమితిలో నలభయ్యో వంతు కూడా లేదు. కనుక నాపై చర్య అనవసరం.' బిల్లులు లేవు. వోచర్లు లేవు. బ్యాంకు కాగితం లేదు.

''సార్, మెట్లు రాయకుండా జవాబొక్కటే రాస్తే మీరు మార్కులేసేవారా?'' అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ''సున్నా ఏస్తుంటి'' అన్నారు.

చట్టంలో ఇంకో దారి ఉంది. 11వ సెక్షన్ కింద అనర్హతను తొలగించే, లేదా తగ్గించే అధికారం ఎన్నికల సంఘానికే ఉంది. అర్జీ పెట్టమన్నాను. పెట్టారు. సర్పంచ్ నామినేషన్ల గడువు ముగిసేదాకా జవాబు రాలేదు. శిఖం భూమిలో అప్పటికి ఇంకో నాలుగు పునాదులు లేచాయి.

సారు స్థానంలో ఆయన శిష్యుడొకరు నామినేషన్ వేశారు. తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో ఐదు వేలకు మించి జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి రెండున్నర లక్షలు, అంతకు తక్కువైతే లక్షన్నర. మాది చిన్న ఊరు. లెక్క ఇవ్వడానికి గడువు 45 రోజులు. ఇవ్వకపోతే ఇక్కడా మూడేళ్ల వేటే. గెలిచినవాళ్లయితే పదవి కూడా పోతుంది.

ప్రచారం నడిచినన్నాళ్లూ సారు మైకు ముట్టలేదు. శిష్యుడి ఇంటి అరుగు మీద కూర్చుని, ఆటోవాడు వస్తే ఆటోవాడి చేత, టీకొట్టాయన వస్తే టీకొట్టాయన చేత సంతకాలు పెట్టించుకున్నారట. పక్క వీధిలో రాత్రిళ్లు ఏం జరుగుతోందో ఆయనకు తెలుసు. దానికి ఏ పుస్తకంలోనూ గడి లేదని కూడా తెలుసు. శిష్యుడు 61 ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

నాలుగో రోజున సారే దగ్గరుండి మండల ఆఫీసుకు తీసుకెళ్లి లెక్క ఇప్పించారు. అందినట్టు సంతకం, ముద్ర వేయించుకున్నారు. ఆ కాగితం ఫొటో నా ఫోనుకు వచ్చింది. కింద ఒక్క ముక్క రాశారు. ''మెట్లన్ని రాసినం. సూడు.''